దృష్టి తీక్షణత: అర్థం, కొలత, వాడుక

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– 'దృష్టి తీక్షణత' అనే పారిభాషిక పదాన్ని నిర్వచించగలుగుతారు.
– 6/6, 6/18, 3/60 వంటి సంకేతాలను సరిగ్గా చదివి, వాటి అర్థం వివరించగలుగుతారు.
– తీక్షణతకూ, అద్దాల పవరుకూ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
– ఈ కొలత చూపులోని ఏ అంశాలను చెప్పదో గుర్తించగలుగుతారు.
– చట్టంలోనూ, ఆరోగ్య సర్వేల్లోనూ ఈ పదం ముందు వచ్చే విశేషణాల ప్రాముఖ్యాన్ని తెలుసుకుంటారు.

2. ఉపోద్ఘాతం

కంటి పరీక్ష చేయించుకున్నవారి చేతికి ఒక చీటీ వస్తుంది. అందులో కుడికన్ను ఎదుట 6/9 అనీ, ఎడమకన్ను ఎదుట 6/18 అనీ రాసి ఉంటుంది. ఆ అంకెలను చూసి కొందరు 'ఆరుకు ఆరు మార్కులు వచ్చాయి' అని సంతోషిస్తారు. 6/12 అని ఉంటే 'సగం చూపు పోయింది' అని దిగులుపడతారు. ఈ రెండు భావాలూ సరికాదు. 6/6 అంటే నూటికి నూరు మార్కులు కాదు, 6/12 అంటే సగం చూపూ కాదు.

ఇది కేవలం పదాల పట్టింపు అనుకోకండి. వైకల్య ధ్రువపత్రం వస్తుందా రాదా, ఒక వ్యక్తిని ప్రభుత్వ లెక్కల్లో అంధుడిగా చూపుతారా లేదా, ఒక పిల్లవాడి కంటిలోని లోపం సకాలంలో బయటపడుతుందా లేదా అనేవి చాలావరకు ఈ సంకేతాన్ని ఎంత జాగ్రత్తగా చదివామన్న దానిమీద ఆధారపడి ఉంటాయి. ఈ పాఠం ద్వారా మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఒక్కటే. దృష్టి తీక్షణత అనేది చూపులోని ఒకే ఒక అంశానికి కొలత. ఏ కన్ను, అద్దాలతోనా లేకుండానా, ఎంత దూరం నుంచి అన్న వివరాలు లేకపోతే ఆ కొలతకు పూర్తి అర్థం ఉండదు.

3. చూపును గురించిన మాటలు: వాడుక, పరిభాష

తెలుగు వాడుకలో చూపుకు సంబంధించిన మాటలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని పరిభాషలోకి వచ్చేసరికి అర్థం మార్చుకుంటాయి. పాఠంలోకి వెళ్లే ముందు వీటిని విడదీసుకోవడం అవసరం.

ఇంగ్లీషులో 'సైట్' అంటే చూపు. తెలుగువాళ్ల నోట మాత్రం 'మా అమ్మాయికి సైటు వచ్చింది' అంటే చూపు వచ్చిందని కాదు, చూపు మందగించిందని అర్థం. 'నీకు సైటు ఎంత?' అన్న ప్రశ్నకు వచ్చే జవాబు అద్దాల పవరు. ఈ వాడుకలో తప్పేమీ లేదు. అయితే ఇక్కడ సైటు అన్నది లోపానికి పేరు, దృష్టి తీక్షణత అన్నది సామర్థ్యానికి పేరు. రెండింటినీ ఒకటిగా తీసుకోకూడదు.

'దూరదృష్టి' కూడా అలాంటి మాటే. నాయకుడికి దూరదృష్టి ఉందంటే మెచ్చుకోలు. భౌతికశాస్త్రంలో అదే మాట దగ్గరి వస్తువులు స్పష్టంగా కనబడని దోషాన్ని సూచిస్తుంది. దీనికి భిన్నంగా దూరపు వస్తువులు మసకగా కనబడే దోషాన్ని 'హ్రస్వదృష్టి' అంటాం. నలభై ఏళ్లు దాటిన తరువాత దగ్గరి అక్షరాలు చదవలేకపోవడాన్ని 'చత్వారం' అంటాం. హ్రస్వదృష్టి, దూరదృష్టి, చత్వారం అనేవి దోషాల పేర్లు. దృష్టి తీక్షణత ఆ కోవకు చెందదు. అది ఒక కొలత పేరు.

'తీక్షణత' అంటే పదును. కత్తి పదును ఎంత సన్నగా కోస్తుందన్న దానిలో తెలిసినట్టు, చూపు పదును ఎంత సన్నని వివరాన్ని విడదీసి చూడగలుగుతుందన్న దానిలో తెలుస్తుంది.

నిర్వచనం: ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు వివరాలను రెండుగా గుర్తించగల కంటి సామర్థ్యమే దృష్టి తీక్షణత.

పవరుకూ తీక్షణతకూ ఉన్న తేడా ఈ నిర్వచనంతో స్పష్టమవుతుంది. పవరును డయాప్టర్లలో చెబుతాం. అది కంటి దోషాన్ని సరిచేయడానికి కావలసిన కటక సామర్థ్యం. మైనస్ 5 డయాప్టర్ల అద్దాలు పెట్టుకునే వ్యక్తికి ఆ అద్దాలతో 6/6 తీక్షణత ఉండవచ్చు. పవరు సున్నా అయిన మరొక వ్యక్తికి రెటీనా దెబ్బతినడం వల్ల 6/60 మాత్రమే ఉండవచ్చు. మొదటివారికి 'సైటు' ఎక్కువ, కాని అద్దాలతో చూపు పదునుగా ఉంది. రెండవవారికి 'సైటు' లేదు, కాని చూపు లేదు.

4. కొలతకు ఆధారం: కోణం

ఒక వస్తువు మనకు ఎంత పెద్దగా కనబడుతుందన్నది దాని పరిమాణం మీద మాత్రమే కాక దూరం మీద కూడా ఆధారపడుతుంది. చేతిలోని పుస్తకంలో స్పష్టంగా కనబడే అక్షరం గది అవతలి గోడమీద కనబడదు. అందువల్ల చూపు పదునును మిల్లీమీటర్లలో చెప్పలేం. వస్తువు కంటి వద్ద చేసే కోణంలో చెప్పాలి.

ఒక డిగ్రీలో 60వ భాగాన్ని ఒక నిమిషం అంటారు. ఇక్కడ నిమిషం కాలానికి ప్రమాణం కాదు, కోణానికి ప్రమాణం. పున్నమి చంద్రుడు మన కంటి వద్ద సుమారు 30 నిమిషాల కోణం చేస్తాడు. ఒక మీటరు దూరంలో 0.29 మిల్లీమీటర్ల వెడల్పున్న వివరం ఒక నిమిషం కోణం చేస్తుంది. 6 మీటర్ల దూరంలో అదే కోణానికి 1.75 మిల్లీమీటర్లు కావాలి. మంచి వెలుతురులో ఒక నిమిషం కోణంలో ఉన్న వివరాన్ని విడదీసి చూడగలగడాన్ని సాధారణ మానవ నేత్రానికి ప్రమాణంగా తీసుకున్నారు.

ఈ హద్దుకు కారణం చాలావరకు కంటి నిర్మాణంలోనే ఉంది. ఒక నిమిషం కోణం రెటీనా మీద సుమారు 5 మైక్రోమీటర్ల దూరానికి సమానం. రెటీనా మధ్యభాగంలోని పచ్చచుక్క నడిమధ్య శంకు కణాలు ఒకదానికొకటి సుమారు రెండున్నర మైక్రోమీటర్ల దూరంలో ఒత్తుగా పేర్చి ఉంటాయి. రెండు చుక్కలను రెండుగా గుర్తించాలంటే వాటి ప్రతిబింబాలు పడిన రెండు శంకు కణాల మధ్య వెలుగు పడని శంకు కణం ఒకటైనా ఉండాలి. లెక్క వేసి చూడండి. ఒక నిమిషం కోణానికి ఈ షరతు సరిగ్గా సరిపోతుంది.

శంకు కణాల ఒత్తు పచ్చచుక్క మధ్యలోనే ఎక్కువ. అక్కడినుంచి పది డిగ్రీలు పక్కకు జరిగేసరికి తీక్షణత సుమారు ఐదోవంతుకు పడిపోతుంది. అందుకే చదివేటప్పుడు కళ్లను వరుస వెంట కదుపుతూ పోతాం. చార్టు మీద కొలిచేది ఈ నడిమి చూపును మాత్రమేనన్న సంగతి గుర్తుంచుకోండి. దీని అవసరం 7వ విభాగంలో వస్తుంది.

5. స్నెల్లెన్ చార్టు: 6/6 సంకేతం

హాలండులోని యూట్రెక్ట్ నగరానికి చెందిన నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో తన పరీక్షా చార్టును ప్రచురించాడు. అంతకు ముందు వైద్యులు తమకు అందుబాటులో ఉన్న అచ్చు అక్షరాలతో చూపును పరీక్షించేవారు. ఒకరి పరీక్షను మరొకరి పరీక్షతో పోల్చడం కష్టంగా ఉండేది. స్నెల్లెన్ అక్షరాలను కోణం లెక్కన గీశాడు.

ఆయన పద్ధతి ఇది. ప్రతి అక్షరాన్నీ నిలువుగా ఐదు, అడ్డంగా ఐదు గళ్లున్న చదరంలో గీయాలి. అక్షరంలోని గీత మందం ఒక గడి, గీతల మధ్య ఖాళీ ఒక గడి. అక్షరం మొత్తం ఐదు నిమిషాల కోణం చేస్తే, అందులోని ఒక్కొక్క గీత ఒక నిమిషం కోణం చేస్తుంది. ఇంగ్లీషు 'ఈ' అక్షరాన్ని ఊహించుకోండి. మూడు అడ్డగీతలు, వాటి మధ్య రెండు ఖాళీలు కలిసి ఐదు గళ్లు. ఖాళీలు కనబడితేనే అది 'ఈ' అని తెలుస్తుంది, లేకపోతే నల్లని ముద్దగా కనబడుతుంది.

ఇప్పుడు సంకేతం చూద్దాం. పై సంఖ్య పరీక్ష జరిగిన దూరం, మీటర్లలో. కింది సంఖ్య ఆ వరుసలోని అక్షరం ఐదు నిమిషాల కోణం చేసే దూరం, అంటే ప్రమాణంగా తీసుకున్న కన్ను దానిని చదవగల గరిష్ఠ దూరం.

కాబట్టి 6/18 అంటే: ప్రమాణ నేత్రం 18 మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని ఈ వ్యక్తి 6 మీటర్లకు వస్తేనే చదవగలుగుతున్నాడు.

6/6 వరుసలోని అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు. చార్టు పైన ఒంటరిగా ఉండే 6/60 అక్షరం ఎత్తు దానికి పది రెట్లు, సుమారు 87 మిల్లీమీటర్లు. పైనుంచి కిందికి వరుసలు సాధారణంగా 60, 36, 24, 18, 12, 9, 6 అనే క్రమంలో ఉంటాయి.

అమెరికాలో దూరాన్ని అడుగుల్లో చెబుతారు కనుక 6/6కు బదులు 20/20 అంటారు. 20 అడుగులు 6.1 మీటర్లకు సమీపం. కొందరు దీన్ని ఒక్కొక్క కంటికి ఇరవై చొప్పున ఇచ్చిన మార్కులుగా భావిస్తారు. అది పొరపాటు. 20/20 ఒకే కంటికి సంబంధించిన సంకేతం. రెండు కళ్లకూ విడివిడిగా రాయాలి.

6/6 అన్నది గరిష్ఠం కూడా కాదు. ఆరోగ్యవంతులైన యువకుల్లో చాలామంది 6/5 చదవగలుగుతారు. అందువల్ల 6/6ను 'సంపూర్ణ దృష్టి' అనడం కంటే 'ప్రమాణ దృష్టి' అనడం మేలు.

ఆరు మీటర్ల నుంచి పై అక్షరం కూడా కనబడకపోతే వ్యక్తిని దగ్గరకు నడిపిస్తారు. మూడు మీటర్ల వద్ద అది కనబడితే 3/60 అని రాస్తారు. ఒక మీటరు వద్ద కూడా కనబడకపోతే వేళ్లు లెక్కపెట్టమంటారు, తరువాత చేయి కదలికను గుర్తించమంటారు, చివరకు టార్చి వెలుగు తెలుస్తుందా అని అడుగుతారు. వెలుగు కూడా తెలియని స్థితే సంపూర్ణ అంధత్వం. అంటే అంధత్వం అన్న ఒక్క మాట కింద ఎన్నో మెట్లు ఉన్నాయి.

చీటీ మీద తీక్షణతతో పాటు మరికొన్ని గుర్తులుంటాయి. '6/9 పి' అంటే ఆ వరుసను కొంతవరకే చదివారని అర్థం. 'పిన్‌హోల్' అంటే సన్నని రంధ్రం ఉన్న బిళ్ల గుండా చూపించి చేసిన పరీక్ష. రంధ్రం గుండా సన్నని కిరణపుంజమే లోపలికి పోతుంది కనుక వక్రీభవన దోషం వల్ల కలిగే మసక తగ్గుతుంది. దీనితో చూపు మెరుగుపడితే అద్దాలతో ప్రయోజనం ఉండే అవకాశం ఎక్కువ. మెరుగుపడకపోతే శుక్లం, రెటీనా, దృష్టినాడి వంటి చోట్ల కారణాన్ని వెతకాలి.

స్వయం అభ్యాసం 1

తెల్ల కాగితం మీద 2 మిల్లీమీటర్ల మందంతో రెండు నల్లని గీతలను, మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీతో గీయండి. మంచి వెలుతురులో గోడకు అంటించండి. ఒక కన్ను మూసుకొని, రెండో కంటితో చూస్తూ వెనక్కి నడవండి. రెండు గీతలూ ఒకటిగా కలిసిపోయే చోట ఆగి దూరం కొలవండి. 2 మిల్లీమీటర్ల ఖాళీ 6.9 మీటర్ల వద్ద ఒక నిమిషం కోణం చేస్తుంది. మీకు సుమారు అంత దూరం వచ్చిందంటే తీక్షణత 6/6కు సమీపంలో ఉన్నట్టు. 3.4 మీటర్ల వద్దే కలిసిపోతే మీరు విడదీయగల కోణం 2 నిమిషాలు, అంటే సుమారు 6/12. ఇది సూత్రాన్ని అర్థం చేసుకోవడానికి చేసే ప్రయోగమే. వైద్య పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

6. ఇతర కొలతలు, చార్టులు

స్నెల్లెన్ భిన్నాన్ని భాగించి దశాంశంగా రాయవచ్చు. భిన్నాన్ని తలకిందులు చేస్తే ఆ కన్ను విడదీయగల కనిష్ఠ కోణం నిమిషాల్లో వస్తుంది. ఆ కోణానికి పది ఆధారంగా సంవర్గమానం తీసుకుంటే దాన్ని 'లాగ్‌మార్' విలువ అంటారు.

స్నెల్లెన్ | దశాంశం | కనిష్ఠ కోణం | లాగ్‌మార్
6/6 | 1.0 | 1 నిమిషం | 0.0
6/12 | 0.5 | 2 నిమిషాలు | 0.30
6/18 | 0.33 | 3 నిమిషాలు | 0.48
6/60 | 0.1 | 10 నిమిషాలు | 1.0
3/60 | 0.05 | 20 నిమిషాలు | 1.30

లాగ్‌మార్ విలువ పెరిగేకొద్దీ చూపు తగ్గుతుంది. సున్నా అంటే చూపు లేదని కాదు, 6/6 అని అర్థం. సంఖ్యను చూసి మొదట తికమకపడేది ఇక్కడే.

ఈ కొత్త కొలత ఎందుకు కావలసి వచ్చింది? స్నెల్లెన్ చార్టులో మెట్ల ఎత్తు సమానంగా లేదు. 6/60 నుంచి 6/36కు ఉన్న అంతరం 6/12 నుంచి 6/9కి ఉన్న అంతరం కంటే ఎక్కువ. పై వరుసలో ఒకే అక్షరం, కింది వరుసల్లో ఏడెనిమిది అక్షరాలు ఉంటాయి. చికిత్స తరువాత 'ఒక వరుస మెరుగుపడింది' అంటే అది అందరికీ ఒకే మెరుగుదల కాదు. ఈ లోపాన్ని సవరిస్తూ 1976లో ఆస్ట్రేలియాకు చెందిన ఇయాన్ బెయిలీ, జాన్ లోవీ లాగ్‌మార్ చార్టును రూపొందించారు. అందులో ప్రతి వరుసలోనూ ఐదేసి అక్షరాలు. ఒక్కొక్క వరుసకు 0.1 చొప్పున సమానమైన అంతరం. మూడు వరుసలు కిందికి దిగితే అక్షరం సగమవుతుంది. పరిశోధనల్లో ఎక్కువగా వాడేది ఈ పద్ధతినే.

అక్షరాలు రానివారికి నాలుగు దిక్కులకు తిప్పి ముద్రించిన 'ఈ' చార్టును వాడతారు. కొమ్ములు ఎటువైపు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. ఒకచోట తెగిన వలయాల చార్టు కూడా ఉంది. తెగిన దిక్కును చెప్పాలి. దీనిని ఎడ్మండ్ లాండోల్ట్ రూపొందించాడు. ఈ రెండింటిలోనూ చదువు అవసరం లేదు కనుక పరీక్షించేది చూపునే, అక్షర జ్ఞానాన్ని కాదు.

తెలుగు చార్టు తయారీలో ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల మాదిరిగా మన అక్షరాలు ఐదు గళ్ల చదరంలో తేలికగా ఒదగవు. ద, ధ, థ అక్షరాలను పక్కపక్కనే రాసి చూడండి. మొత్తం ఆకారం దాదాపు ఒకటే. తేడా ఒక చిన్న గీతలోనో, లోపలి చుక్కలోనో ఉంటుంది. ఠ, ర అక్షరాలకూ, ప, ఫ, ష అక్షరాలకూ ఇదే వర్తిస్తుంది. అక్షరం ఎత్తు ఐదు నిమిషాలే అయినా, దాన్ని పక్క అక్షరం నుంచి వేరుచేసే గుర్తు ఒక నిమిషం కంటే చిన్నది కావచ్చు. అప్పుడు 'థ'ను 'ద'గా చదివిన వ్యక్తి చూపు తక్కువని నిర్ణయిస్తే కొలతే తప్పుతుంది. అందువల్ల తెలుగు చార్టుకు గుర్తించడంలో ఇంచుమించు సమానమైన కష్టం ఉన్న అక్షరాలను ఎంపిక చేసుకోవాలి. ఉన్న అక్షరమాలను వరుసగా చిన్నది చేసుకుంటూ పోతే అది తీక్షణతా చార్టు కాదు.

7. 6/6 చెప్పని విషయాలు

ఆకాశంలో సప్తర్షి మండలాన్ని చూసే ఉంటారు. అందులో వశిష్ఠ నక్షత్రానికి పక్కనే అరుంధతి ఉంటుంది. పెళ్లిలో వధూవరులకు చూపించేది దీన్నే. ఈ రెండింటి మధ్య దూరం సుమారు 12 నిమిషాల కోణం. మనం పైన చెప్పుకున్న హద్దు ఒక నిమిషం. లెక్క ప్రకారం 6/6 ఉన్నవారందరికీ అరుంధతి ఎప్పుడూ సులువుగా కనబడాలి. అయినా నగరాల్లో చాలాసార్లు కనబడదు. కారణం, అరుంధతి కాంతి మందంగా ఉండటం, దీపాల వల్ల ఆకాశం తెల్లబారి ఉండటం. చుట్టూ ఉన్న నేపథ్యం నుంచి ఒక వస్తువును వేరుచేసి చూడటం మరొక సామర్థ్యం. దాన్ని 'వ్యత్యాస గ్రాహ్యత' అంటారు. చార్టులో తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలుంటాయి కనుక ఈ సామర్థ్యానికి అక్కడ పరీక్ష ఉండదు. శుక్లం తొలి దశలో ఉన్నవారు చార్టును బాగానే చదివి, మసక వెలుతురులో మెట్టు అంచు కనబడక తడబడటానికి కారణం చాలావరకు ఇదే.

6/6 చెప్పని మరికొన్ని విషయాలు:

పార్శ్వ దృష్టి: నీటికాసులు అనే వ్యాధిలో దృష్టినాడి క్రమంగా దెబ్బతింటుంది. చూపు సాధారణంగా పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. నడిమి చూపు చాలాకాలం నిలిచే ఉంటుంది. అప్పటివరకు చార్టు మీద 6/6 రావచ్చు. ఈ వ్యాధిలో పోయిన చూపు తిరిగి రాదు కనుక '6/6 వచ్చింది, ఇక భయం లేదు' అనుకోవడం ప్రమాదకరం.

రాత్రి చూపు: విటమిన్ 'ఎ' లోపం వల్ల వచ్చే రేచీకటిలో మసక వెలుతురుకు స్పందించే దండ కణాలు సరిగా పనిచేయవు. పగటి వెలుతురులో చేసిన తీక్షణత పరీక్షలో ఈ లోపం తెలియకపోవచ్చు.

రంగుల గుర్తింపు: ఎరుపు, ఆకుపచ్చ రంగులను వేరుచేయలేని వ్యక్తికి కూడా 6/6 ఉండవచ్చు. దీనికి ఇషిహారా పలకల వంటి వేరే పరీక్షలున్నాయి.

దగ్గరి చూపు: దూరానికి 6/6 ఉన్న యాభై ఏళ్ల దర్జీ సూదిలో దారం ఎక్కించలేకపోవచ్చు. దగ్గరి చూపును వేరే అచ్చు పట్టికతో పరీక్షించి ఎన్6, ఎన్8 వంటి సంకేతాలతో రాస్తారు.

రోగ స్థితి: మధుమేహం వల్ల రెటీనాలో మార్పులు మొదలైనా, పచ్చచుక్క దెబ్బతినేవరకు తీక్షణత తగ్గకపోవచ్చు. అందుకే మధుమేహం ఉన్నవారు చూపు బాగానే ఉన్నా రెటీనా పరీక్ష చేయించుకోవాలని వైద్యులు చెబుతారు.

ఇక పిల్లల విషయం. ఒక కంటిలో దోషం ఉన్న పిల్లవాడు రెండో కంటితో అన్నీ చూస్తూ ఉంటాడు. తనకు లోపం ఉందని అతనికే తెలియదు. సరిగ్గా వాడకపోవడం వల్ల ఆ కంటి చూపు మెదడులో వృద్ధి చెందదు. దీనిని 'బద్ధక నేత్రం' అంటారు. ఏడెనిమిది ఏళ్లలోపు గుర్తిస్తే చికిత్స బాగా ఫలిస్తుంది, వయసు పెరిగేకొద్దీ కష్టమవుతుంది. రెండు కళ్లూ తెరిచి చదివించి 6/6 అని రాస్తే ఈ లోపం బయటపడదు. ఒక్కొక్క కంటిని పూర్తిగా మూసి విడివిడిగా పరీక్షించాలన్న నియమం ఇందుకే.

8. చట్టంలో, సర్వేల్లో వాడుక: మూడు విశేషణాలు

తీక్షణత అన్న మాట ముందు మూడు రకాల విశేషణాలు వస్తాయి.

అద్దాలు లేని తీక్షణత: ఏ కటకమూ లేకుండా చూసినప్పటిది.
ఉన్నస్థితి తీక్షణత: వ్యక్తి పరీక్షకు ఎలా వచ్చాడో అలాగే కొలిచినది. అద్దాలు పెట్టుకొని వస్తే వాటితో, లేకపోతే లేకుండా.
ఉత్తమ సవరణ తీక్షణత: సాధ్యమైనంత మంచి అద్దాలు అమర్చి కొలిచినది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తీవ్రమైన హ్రస్వదృష్టి ఉన్న ఒక కూలీకి అద్దాలు లేవు. రెండు కళ్లకూ 2/60 మాత్రమే ఉంది. తగిన అద్దాలు పెడితే 6/6 వస్తుంది. ఈయన అంధుడా? ఉన్నస్థితి తీక్షణతను లెక్కించే సర్వేలో అంధుడే. ఉత్తమ సవరణను అడిగే వైకల్య చట్టం ప్రకారం కాదు. ఈ రెండు జవాబుల్లో ఏదీ తప్పు కాదు. సర్వే అడిగే ప్రశ్న 'ఎంతమంది చూపు లేక ఇబ్బంది పడుతున్నారు?' అన్నది. చట్టం అడిగే ప్రశ్న 'చేయగలిగినదంతా చేశాక కూడా ఎవరికి చూపు మిగలలేదు?' అన్నది. ఆ కూలీకి కావలసింది ధ్రువపత్రం కాదు, ఒక జత అద్దాలు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న ప్రారంభమైన కంటి వెలుగు కార్యక్రమాల వంటి వాటి అవసరం ఇక్కడే ఉంది.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం అంధత్వం అంటే, ఉత్తమ సవరణ తరువాత, చూపు పూర్తిగా లేకపోవడం, లేదా రెండింటిలో మెరుగైన కంటిలో తీక్షణత 3/60 కంటే తక్కువ కావడం, లేదా దృష్టి క్షేత్రం 10 డిగ్రీల కంటే తక్కువకు కుదించుకుపోవడం. అల్పదృష్టి అంటే మెరుగైన కంటిలో తీక్షణత 6/18 మించకుండా 3/60 వరకు ఉండటం, లేదా దృష్టి క్షేత్రం 40 డిగ్రీల కంటే తక్కువగా 10 డిగ్రీల వరకు ఉండటం.

ఈ నిర్వచనంలో మూడు అంశాలను గమనించండి.

మొదటిది, 'మెరుగైన కంటిలో' అన్న మాట. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కన్ను 6/6 ఉన్నవారు ఈ నిర్వచనం కిందికి రారు. చీటీలో చూపు తక్కువ ఉన్న కంటి అంకెను చూసి ఆశ పెట్టుకొని, తరువాత నిరాశ పడేవారు ఉంటారు. చదవవలసింది మెరుగైన కంటి అంకెను.

రెండవది, తీక్షణత ఒక్కటే ప్రమాణం కాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి వ్యాధిలో చూపు సొరంగంలోనుంచి చూసినట్టు కుదించుకుపోతుంది. అలాంటి వ్యక్తి చార్టు మీద 6/6 చదివినా, దృష్టి క్షేత్రం 10 డిగ్రీల లోపు ఉంటే చట్టప్రకారం అంధత్వం ఉన్నట్టే. ఎదుటి బోర్డు చదివినవాడు పక్కనే ఉన్న స్తంభానికి తగులుకుంటే నటిస్తున్నాడని అనుకునేవారు ఈ వాక్యాన్ని మళ్లీ చదవాలి.

మూడవది, హద్దు మారితే మనిషి మారకుండానే పేరు మారుతుంది. 1995 నాటి చట్టంలో అద్దాలతో మెరుగైన కంటిలో 6/60 మించకపోతే అంధత్వం. 2016 చట్టంలో ఆ హద్దు 3/60. మెరుగైన కంటిలో 5/60 ఉన్న వ్యక్తి పాత చట్టం ప్రకారం అంధత్వం ఉన్నవారు, కొత్త చట్టం ప్రకారం అల్పదృష్టి ఉన్నవారు. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం కూడా 2017లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణానికి అనుగుణంగా, తన హద్దును 6/60 నుంచి 3/60కి మార్చుకుంది. కాబట్టి 2017కు ముందు, తరువాతి అంధత్వ శాతాలను పోల్చేటప్పుడు ఎంత తగ్గుదల శస్త్రచికిత్సల వల్ల, ఎంత నిర్వచనం మారడం వల్ల అని అడగడం విద్యార్థిగా మీ బాధ్యత.

9. సరైన వాడుక

తప్పు: 'నాకు 6/12, అంటే యాభై శాతం చూపు.'
ఒప్పు: 'నా కుడికంటి తీక్షణత 6/12. ప్రమాణ నేత్రం 12 మీటర్ల నుంచి చదివేదాన్ని నేను 6 మీటర్ల నుంచి చదవగలను.' 6/12 ఉన్న వ్యక్తి తన రోజువారీ పనులు చాలావరకు చేసుకోగలుగుతాడు.

తప్పు: 'ఆమె తీక్షణత మైనస్ రెండు.'
ఒప్పు: 'ఆమె అద్దాల పవరు మైనస్ రెండు డయాప్టర్లు. వాటితో తీక్షణత 6/6.'

తప్పు: 'కళ్లు 6/6, కాబట్టి కంటి జబ్బు లేదు.'
ఒప్పు: 'దూరపు నడిమి చూపు తీక్షణత ప్రమాణ స్థాయిలో ఉంది. మిగతా పరీక్షలు వేరు.'

తీక్షణతను రాసేటప్పుడు ఏ కన్ను, అద్దాల స్థితి, దూరం, చార్టు రకం అనే నాలుగు వివరాలూ ఉంటే ఆ కొలతను ఎక్కడైనా, ఎవరైనా సరిగ్గా చదువుకోగలుగుతారు.

10. సంగ్రహం

దగ్గరగా ఉన్న రెండు వివరాలను విడదీసి చూసే సామర్థ్యమే దృష్టి తీక్షణత. దీని కొలతకు ఆధారం కోణం, ప్రమాణం ఒక నిమిషం. స్నెల్లెన్ సంకేతంలో పై సంఖ్య పరీక్షా దూరం, కింది సంఖ్య ప్రమాణ నేత్రం చదవగల దూరం. ఇది శాతం కాదు, మార్కులు కావు, పవరూ కాదు. పార్శ్వ దృష్టి, రాత్రి చూపు, రంగుల గుర్తింపు, వ్యత్యాస గ్రాహ్యతలను ఇది కొలవదు. చట్టంలోనూ సర్వేల్లోనూ దీని అర్థాన్ని నిర్ణయించేవి 'ఉన్నస్థితి', 'ఉత్తమ సవరణ', 'మెరుగైన కన్ను' వంటి మాటలు.

11. పదకోశం

కోణ నిమిషం: డిగ్రీలో 60వ భాగం.
డయాప్టర్: కటక సామర్థ్యానికి ప్రమాణం.
లాగ్‌మార్: కంటికి విడదీయగలిగిన కనిష్ఠ కోణపు సంవర్గమానం.
దృష్టి క్షేత్రం: చూపును ఒకచోట నిలిపినప్పుడు కనబడే మొత్తం పరిధి.
వ్యత్యాస గ్రాహ్యత: వెలుగు నీడల స్వల్ప తేడాను గుర్తించే సామర్థ్యం.
అల్పదృష్టి: ఉత్తమ సవరణ తరువాత కూడా చట్టం చెప్పిన హద్దుల మధ్య మిగిలిన తక్కువ చూపు.

12. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. 6/24 అనే సంకేతాన్ని వివరించి, దాని దశాంశ విలువనూ, కనిష్ఠ కోణాన్నీ కనుక్కోండి.
2. అద్దాల పవరుకూ దృష్టి తీక్షణతకూ గల తేడాను ఉదాహరణలతో తెలపండి.
3. తెలుగు అక్షరాలతో తీక్షణతా చార్టు తయారు చేయడంలోని ఇబ్బందులేమిటి?

II. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. '6/6 ఉన్నంత మాత్రాన కళ్లు ఆరోగ్యంగా ఉన్నాయని చెప్పలేం.' చర్చించండి.
2. ఒక వ్యక్తికి అద్దాలు లేకుండా కుడికంటిలో 1/60, ఎడమకంటిలో 4/60, ఉత్తమ అద్దాలతో కుడికంటిలో 2/60, ఎడమకంటిలో 6/36 ఉన్నాయి. అద్దాలు లేకుండానే పరీక్షకు వచ్చారు. దృష్టి క్షేత్రం సాధారణం. 2016 చట్టం ప్రకారం ఈ వ్యక్తి ఏ వర్గంలోకి వస్తారు? ఉన్నస్థితి తీక్షణతను లెక్కించే సర్వేలో 2017కు ముందు, తరువాత ఏ విధంగా నమోదవుతారు? కారణాలతో వివరించండి.

రెండవ ప్రశ్నకు సూచన: ముందుగా మెరుగైన కంటిని గుర్తించండి. తరువాత ఏ తీక్షణతను అడుగుతున్నారో చూడండి. చట్టానికి 6/36, సర్వేకు 4/60 వర్తిస్తాయి. మిగిలిన జవాబు మీరే రాయగలరు.